లక్ష కోట్ల దీపాలు

సర్వర్ ముందువైపు నీలం వెలగాల్సిన చోట పసుపుపచ్చ దీపం మిటుకుమిటుకుమంటోంది. అది మిటికిందంటే పెట్టెలో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఎవరికో మాత్రం దీపం చెప్పదు.

ఉనైజాలో అప్పుడు ఖర్జూరం సీజన్. సౌదీ అరేబియా నడుమన, అల్ ఖసీం ప్రాంతంలో ఉన్న ఈ ఊరికి ఆగస్టు వచ్చిందంటే నిద్ర ఉండదు. సుక్కరి పండు తోటల నుంచి దిగుతుంది. తెల్లవారకముందే మార్కెట్లో బండ్లు వరస కడతాయి, వేలంపాట మొదలవుతుంది. మా ఆఫీసు చేసేది తూకాల లెక్క, రైతుల ఖాతా, కోల్డ్ స్టోరేజీలో పెట్టెల జమాఖర్చు. అన్నీ ఒక్క సర్వర్‌లోనే ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నం నుంచి అది మూడుసార్లు తనంతట తానే పడిపోయి, తనంతట తానే లేచింది. నాలుగోసారి వేలంపాట మధ్యలో పడితే నా గతేమిటని నేను బురైదాలో ఉన్న మెకానిక్‌కి ఫోన్ చేశాను. యంత్రం ఏ కంపెనీదో చెప్పను. జబ్బు ఏ ఇంట్లోనైనా వస్తుంది, నేను రాయబోయేది వైద్యం గురించి.

బురైదా ఇక్కడికి 30 కిలోమీటర్ల దూరం. రాత్రి ఇషా నమాజు అయ్యాక వచ్చాడు ఆ మెకానిక్ కుర్రాడు. వాళ్లది జగిత్యాల దగ్గర పల్లె, మాది కోనసీమ. దేశం కాని దేశంలో ఇద్దరం తెలుగే మాట్లాడుకుంటాం గానీ, మధ్యమధ్య ఒకరికొకరం అనువాదం చేసుకోవాల్సి వస్తుంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని విండోస్‌లో ఏవో బొమ్మలు తెరిచి చూపించబోయాను. చేత్తో వారించాడు.

"అన్నా, అండ్ల చూస్తె ఏం దొరకది. దాన్ని పండవెట్టి చూడాలె."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, అతను చెప్పింది అదే. విండోస్ గానీ లైనక్స్ గానీ నడుస్తున్నంతసేపూ మెమరీలో కాపురం ఉంటుంది. తను కాపురం ఉన్న ఇంటి గోడను తనే కొట్టి చూడలేదు. కొట్టినా, చెడ్డ మెమరీలో కూర్చుని చెప్పే సాక్ష్యాన్ని ఎంత వరకు నమ్ముతాం? అందుకని ఆ కాపురాన్ని ఖాళీ చేయించి, ఇంకొకరి చేత వెతికించాలి. ఆ ఇంకొకరు సర్వర్‌తో పాటే పుట్టి, సర్వర్‌లోనే ఉంటారు. మనం పిలిచేదాకా పలకరు.

ఆ పరీక్ష ప్రోగ్రామ్ ఉండే చోటు చూస్తేనే దాని పనితనం మొదట అర్థమవుతుంది. అది డిస్కులో ఉండదు. మదర్‌బోర్డు మీద అతికించిన ఫ్లాష్ చిప్పులో ఉంటుంది. డిస్కులన్నీ పీకేసినా, లేక అన్నీ ఒకేసారి చచ్చినా, అది లేచి కూర్చుంటుంది. ఒకప్పుడు ఇలాంటి పరీక్షలకు ఫ్లాపీలు, తర్వాత సీడీలు సంచిలో పెట్టుకుని తిరిగేవారు. రోగి ఇంటికి వెళ్లాక మందుల సంచి మర్చిపోయామని తెలిసేది. ఇప్పుడు డెల్ సర్వర్లలో ఎఫ్10 నొక్కితే లైఫ్‌సైకిల్ కంట్రోలర్ తెరుచుకుంటుంది, హార్డ్‌వేర్ పరీక్షలు అందులోనే ఉంటాయి. హెచ్‌పీఈ ప్రోలయంట్‌లోనూ అదే ఎఫ్10, అక్కడ ఇంటెలిజెంట్ ప్రొవిజనింగ్ అంటారు. పేర్లు వేరైనా మీట ఒకటే కావడం ఊరూరా తిరిగే మెకానిక్ వేళ్లకు చిన్న ఉపకారం.

ఇంత దూరం రావడానికి బోలెడు కాలం పట్టింది. 1981లో ఐబీఎం పీసీ మీట వేయగానే తన మెమరీ తానే తడిమి చూసుకుని, అంతా బాగుంటే ఒక్క పొట్టి కూత కూసేది. ఆ కూత విన్నాకే మనుషులు కుర్చీ లాక్కుని కూర్చునేవారు. నేటి సర్వర్ పరీక్షలు ఆ కూతకు ముని మనవలు.

కుర్రాడు మాత్రం ఎఫ్10 జోలికి వెంటనే పోలేదు. ముందు చిట్టా తెరిచాడు.

దాదాపు ప్రతి సర్వర్‌లోనూ బీఎంసీ అని ఒక చిన్న కంప్యూటర్ విడిగా ఉంటుంది. పెద్ద యంత్రం ఆపేసినా, తీగ ప్లగ్గులో ఉన్నంతసేపూ ఇది మెలకువగానే ఉంటుంది. ఫ్యాన్ల వేగం, వేడి, వోల్టేజి, మెమరీ తప్పులు, మూత ఎప్పుడు తెరిచారు, అన్నీ రాసుకుంటుంది. 1998లో ఇంటెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ, డెల్ కూర్చుని ఈ కాపలా కంప్యూటర్ ఎలా మాట్లాడాలో ఒక ఒప్పందం రాసుకున్నాయి. దాని పేరు ఐపీఎంఐ. ఆ ఒప్పందంలో నాకు ముచ్చటేసేది ఒకటుంది. చిట్టాలో ఒక్కో నమోదుకు సరిగ్గా 16 బైట్లే ఇచ్చారు. 'ఉగాది' అన్న మూడక్షరాల మాటను కంప్యూటర్ ఇవాళ రాసుకునే తీరులో 15 బైట్లు పడుతుంది. ఆ మాటకు ఒక్క బైటు కలిపినంత చోటులో వరస సంఖ్య, ఏ రకం నమోదు, ఏ క్షణాన జరిగింది, ఎవరు చెప్పారు, ఏ సెన్సర్, ఏం జరిగింది, ఇంకా చెప్పుకోవాల్సిన వివరం ఏమైనా ఉంటే అది, అన్నీ ఇమిడ్చారు. పాత కరణాల లెక్కల పుస్తకం చూసినవాళ్లకు ఈ పొదుపు తెలుస్తుంది. స్థలం తక్కువ, మాట తప్పకూడదు.

చిట్టా తెరవగానే అతను తప్పుల వైపు చూడలేదు. పైన గడియారం చూశాడు. తర్వాత గోడ గడియారం చూశాడు.

"ఇది మూడు గంటలు ఎనకకున్నది. గ్రీనిచ్ టైం మీద పెట్టిండ్రు."

మూడు గంటలు కలిపి చదివితే మధ్యాహ్నం మూడు పతనాలూ చిట్టాలో నిమిషాలతో సహా సరిపోయాయి. అంతకన్నా కిందకు పోతే ఇంకో సంగతి బయటపడింది. తొమ్మిది రోజుల కిందటే ఏ3 స్లాట్‌లోని మెమరీలో 'సరిదిద్దిన తప్పులు' హద్దు దాటాయని రాసి ఉంది. అంటే తొమ్మిది రోజులుగా ఆ పసుపుపచ్చ దీపం మిటుకుతూనే ఉంది. చూశాను కూడా. సర్వర్ గదిలో ఏసీ బాగుంటుందని అరటిపళ్లు అక్కడే దాచుకుంటాను, రోజూ వెళ్తాను. అది అలంకారం అనుకున్నాను. ఈ మాట అతనికి చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

అప్పుడు యంత్రాన్ని ఆపి లేపాడు. ఎఫ్10.

యంత్రం లేచే ఆ మొదటి నిమిషం గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే మొత్తం కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది తెర మీద ఏమీ కనిపించని ఆ నిమిషమే. కరెంటు వచ్చేసరికి మెమరీ పనిచేసే స్థితిలో ఉండదు. ఇవాళ్టి మెమరీ సెకనుకు 300 కోట్లసార్లకు పైగా సమాచారం అందిస్తుంది. అంత వేగంలో ఒక్కో తీగ మీద సంకేతం ఎంత ముందు వస్తుంది, ఎంత వెనక వస్తుంది అన్నది కొలిచి, సరిచూసి, శ్రుతి చేసుకోవాలి. ఆ శ్రుతి చేసే ప్రోగ్రామ్ నడవాలంటే మెమరీ కావాలి. మెమరీ కావాలంటే శ్రుతి కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్న సామెత మాదిరి. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, ప్రాసెసర్ కడుపులో క్యాష్ అని కొద్దిపాటి సొంత జేబు ఉంటుంది కదా, దాన్నే కాసేపు మెమరీ అనుకుని అక్కడ నిలబడటం. జేబులో నిలబడి ఇల్లు చక్కబెట్టుకుని, ఇల్లు సిద్ధమయ్యాక అందులోకి దిగడం. కొత్తగా నమ్మాల్సిన ప్రతి దాన్నీ అప్పటికే నమ్మినదాని మీద నిలబడి పరీక్షించడం. మిగతా పరీక్షలన్నీ ఈ తీరునే నడుస్తాయి.

మొదట చిన్న పరీక్ష పెట్టాడు. ఉన్నట్టుండి గదిలో గాలివాన మొదలైంది. ఫ్యాన్లు ఒక్కసారిగా పూర్తి వేగానికి ఎక్కాయి. మాటలు వినపడలేదు. అది కోపం కాదు, పరీక్ష. ఒక్కో ఫ్యానుకు ఇంత వేగంతో తిరగమని చెప్పి, నిజంగా తిరిగిందా అని దాని చక్రం లెక్క చూస్తుంది. ఎడారి ఊళ్లో ఈ పరీక్షకు విలువెక్కువ. ఉనైజా వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మేలని దాని లెక్కలు చూసేవాళ్లు చెబుతారు. పైగా దుమ్ము. ఇక్కడ గుబార్ అంటారు, మూసిన కిటికీలోంచి కూడా పిండి జల్లెడ పట్టినట్టు దిగుతుంది. ఆ గాలివానకు పెట్టె వెనక నుంచి ఎర్రటి పొడి లేచి నా చొక్కా మీద వాలింది. కుర్రాడు ముక్కుకు రుమాలు కట్టుకునే వచ్చాడని అప్పుడు గమనించాను.

ఇరవై నిమిషాల్లో చిన్న పరీక్ష అయిపోయింది. అంతా బాగుంది అంది. ప్రాసెసర్, ఫ్యాన్లు, పవర్ సప్లైలు, డిస్కులు, మెమరీ, అన్నిటి ఎదుటా పచ్చ టిక్కు. నాకు ప్రాణం లేచొచ్చింది. అతని ముఖంలో మార్పు లేదు.

"గిది పై పై చూపు అన్నా. నాడి వట్టి చూసింది, గంతే. ఇప్పుడు పెద్ద పరీక్ష వెడత."

పెద్ద పరీక్ష ఏం చేస్తుందో చెబుతాను. తయారీదారులు తమ ప్రోగ్రాముల్లో ప్రతి అడుగూ బయటపెట్టరు గానీ, మెమరీ పరీక్షలన్నిటి వెనకా ఉన్న విద్య పాఠ్యపుస్తకాల్లో ఉంది. వాటిలో ఒక కుటుంబాన్ని 'మార్చ్' పరీక్షలంటారు, కవాతు అన్నమాట.

ఒక పొడుగాటి వీధి ఊహించుకోండి. వరసగా ఇళ్లు, ప్రతి అరుగు మీదా ఒక దీపం. దీపం వెలిగితే ఒకటి, ఆరితే సున్నా. ఒక మనిషి ముందు వీధి మొత్తం దీపాలు ఆర్పేస్తాడు. మళ్లీ ఈ చివర నుంచి బయల్దేరతాడు. ప్రతి ఇంటి దగ్గరా ఆగి, దీపం ఆరే ఉందా అని చూసి, ముట్టించి ముందుకు పోతాడు. మళ్లీ ఈ చివరకే వచ్చి, వెలుగుతోందా అని చూసి ఆర్పుతూ పోతాడు. ఇప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకు ఇదే పని, చూసి ముట్టిస్తూ. మళ్లీ ఆ చివర నుంచే, చూసి ఆర్పుతూ. ఆఖరున ఒక్కసారి అన్నీ ఆరి ఉన్నాయా అని చూసి ఇంటికి పోతాడు. ప్రతి దీపాన్నీ లెక్కగా పదిసార్లు తాకుతాడు.

రెండు వైపుల నుంచీ ఎందుకు నడవాలి? ఈ విద్యలో సొగసంతా అక్కడే ఉంది. అసలు వెలగని దీపం, అసలు ఆరని దీపం ఏ వైపు నుంచి పోయినా దొరుకుతాయి. దొరకనివి దొంగ చుట్టరికాలు. ఒక దీపం ముట్టిస్తే పక్కింటిది దానంతటదే అంటుకునే రకం. మనం వెళ్లే దారిలో ఎదర ఉన్న ఇల్లు అంటుకుంటే, అక్కడికి చేరేసరికి ఆరి ఉండాల్సింది వెలుగుతూ కనిపిస్తుంది, పట్టేస్తాం. వెనకటి ఇల్లు అంటుకుంటే? ఆ ఇల్లు దాటేశాం, అక్కడ ఎలాగూ మనం ముట్టించిన దీపం వెలుగుతోంది. దాని మీద ఇంకోసారి అంటుకున్నా తెలియదు. అదే మనిషి ఆ చివర నుంచి తిరిగొస్తే, వెనక ఉన్న ఇల్లు ఎదరకు వస్తుంది. దొరికిపోతుంది.

మా సర్వర్‌లో ఒక్కోటి 16 గిగాబైట్ల మెమరీ కడ్డీలు ఎనిమిది ఉన్నాయి. మొత్తం 128 గిగాబైట్లు. దీపాల్లో చెప్పాలంటే లక్ష కోట్ల పైచిలుకు. నిజంగా యంత్రం దీపాలను ఒక్కొక్కటిగా కాక గుంపులు గుంపులుగా తాకుతుంది, లేకపోతే వేలంపాటలు కాదు కదా సీజనే అయిపోయేది.

ఇంకో మూడు చిక్కులున్నాయి, మూడూ విప్పిన తీరు చూడాలి. పరీక్షించే ప్రోగ్రామ్ కూడా అదే వీధిలో ఏదో ఇంట్లో ఉంటుంది కదా, ఆ ఇంటి సంగతి? వీధి అంతా చూశాక అక్కడి నుంచి మూటాముల్లె సర్దుకుని, చూసేసిన ఇంట్లోకి మారి, తను వదిలిన ఇల్లు చూస్తుంది. రెండోది, ఇందాకటి జేబు. ప్రాసెసర్ తెలివైనది, ఇప్పుడే ముట్టించిన దీపం గురించి అడిగితే వీధిలోకి పోకుండా జేబులో చూసి "వెలుగుతోంది" అనేస్తుంది. దాన్ని జేబు తడమనివ్వకుండా నిజంగా వీధిలోకి పంపాలి. మూడోదే అన్నిటికన్నా సున్నితమైనది. సర్వర్ మెమరీలో తప్పును దిద్దే కాపలా ఉంటుంది. ఆ కాపలా మంచితనమే పరీక్షకు అడ్డం.

ఆ కాపలా చరిత్ర వేరే. 1940ల చివర అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హ్యామింగ్ అనే గణితజ్ఞుడు శనాదివారాల్లో లెక్కలు యంత్రానికి అప్పగించి వెళ్లేవాడు. యంత్రం తప్పు కనిపెట్టగలదు. కనిపెట్టి, ఆ లెక్క వదిలేసి ఇంకోటి అందుకునేది. సోమవారం వచ్చి చూస్తే పని జరిగి ఉండేది కాదు. తప్పుందని కనిపెట్టగలిగిన యంత్రం, ఎక్కడుందో కనిపెట్టి దిద్దుకోలేదా అన్న చిరాకులోంచి పుట్టింది హ్యామింగ్ కోడ్, 1950లో అచ్చయింది. మా సర్వర్ మెమరీలో ప్రతి 64 బిట్లకూ 8 కాపలా బిట్లు ఉంటాయి. 64లో ఒక్కటి తప్పితే ఏది తప్పిందో చెప్పి దిద్దేస్తాయి. రెండు తప్పితే దిద్దలేవు గానీ, తప్పాయని మాత్రం కేక వేస్తాయి. ఆ కేకకే మా సర్వర్ పడిపోయింది, అది తెలిసి పడటమే మంచిది. తప్పు అంకెతో తూకం రాసుకుని నవ్వుతూ నడిచే యంత్రం కన్నా, తెలిసి పడిపోయే యంత్రం రైతుకు మేలు.

ఇప్పుడు చిక్కు తెలుస్తోందా? కడ్డీలో ఒక దీపం ఆరిపోయినా కాపలా దాన్ని దిద్ది "వెలుగుతోంది" అని చెబుతుంది. పరీక్షకు తప్పు కనిపించదు. కొడుకు తప్పులన్నీ కడుపులో దాచుకునే తల్లి ఇంట్లో తగువు తీర్చడానికి వెళ్లినట్టు ఉంటుంది. అందుకని మంచి పరీక్ష, వచ్చిన జవాబు ఒక్కటే చూసి ఊరుకోదు. కాపలా ఎన్నిసార్లు దిద్దిందన్న లెక్క కూడా అడుగుతుంది. జవాబు సరే, చెమట పట్టిందా అని చూస్తుంది.

తెరపై గీత నత్తలా పాకుతోంది. నేను టీ పెట్టాను. ఊరి గురించి మాట్లాడుకున్నాం. లెబనాన్ రచయిత అమీన్ రిహానీ ఈ ఊరిని చూసి నజ్ద్ ప్రాంతపు పారిస్ అన్నాడట, ఆ మాట ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకు ముందు, 1878లో, చార్లెస్ డౌటీ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఖలీల్ అన్న పేరుతో ఇక్కడికి వచ్చాడు. మందుల పెట్టె ఒకటి వెంటబెట్టుకుని వైద్యం చేసేవాడు. కుర్రాడికి ఈ సంగతి చెబితే పేరు దగ్గర ఆగిపోయాడు.

"డౌటా? నా తీరే ఉన్నడు."

అర్ధరాత్రి దాటి నలభై నిమిషాలకు గీత ఆగింది. ఎర్రటి పెట్టె ఒకటి తెర మధ్యలో వచ్చింది. మెమరీ పరీక్షలో తప్పు, స్లాట్ ఏ3, ఒక కోడ్ నంబరు, దాని కింద ధ్రువీకరణ నంబరు. కింద ప్రశ్న: కొనసాగించాలా, వద్దా? ఇక్కడ నాకొక ఫిర్యాదుంది. ఈ ప్రశ్న అడిగి అది అలాగే కూర్చుంటుంది, మనం చెప్పేదాకా కదలదు. రాత్రి పెట్టి ఇంటికెళ్లి పడుకున్నవాడికి పొద్దున్నే సగం పరీక్ష, ఒక ప్రశ్న మిగులుతాయి. మొత్తం ముగించి పొద్దున్న అన్నీ కలిపి చెబితే దాని సొమ్మేం పోయింది? ఇంత చేసినవాళ్లు ఈ ఒక్క చోట రాత్రి కాపలా మనిషిని తలుచుకోలేదు.

కుర్రాడు ఫోన్‌తో తెర ఫొటో తీశాడు. చిట్టాను కూడా ఫొటోలు తీశాడు. చెరిపేయలేదు. సంచిలోంచి తెల్ల టేపు తీసి, ఒక ముక్క చింపి, బాల్‌పెన్నుతో "డౌటు" అని తెలుగులో రాసి పక్కన అంటించుకున్నాడు.

"ఏ3 అని తేలింది కదా, తీసేస్తే పోలా?" అన్నాను.

"ఏ3 అన్నది స్లాట్ పేరు అన్నా. తప్పు కడ్డీదా, స్లాట్‌దా? అది ఎట్ల తెల్వాలె?"

ఆ ప్రశ్నకు యంత్రం దగ్గర జవాబు లేదు. ఎన్ని లక్షల కోట్ల దీపాలు లెక్కపెట్టినా అది చెప్పగలిగింది ఇంటి నంబరే. ఇంట్లో మనిషి చెడ్డవాడా, ఇల్లే మంచిది కాదా అన్నది చేతులున్నవాడు తేల్చాలి.

తీగలు పీకి పెట్టె మూత తీశాడు. మూత లోపలివైపు స్లాట్ల పటం అంటించి ఉంది, ఏ వరస ఏ ప్రాసెసర్‌ది, ఏది ముందు నింపాలి అని. సర్వర్లు చేసేవాళ్ల ముందుచూపుకి ఆ కాగితం ఒక సాక్ష్యం. పుస్తకం ఎక్కడో పోతుంది, మూత పోదు. రంగులు కూడా అంతే. కొన్ని కంపెనీలు, యంత్రం నడుస్తుండగా లాగదగ్గ వాటికి ఇటుక రంగు పిడి పెడతాయి, ఆపి మాత్రమే ముట్టుకోవాల్సిన వాటికి నీలం. నిద్రకళ్లతో ఉన్న చేతికి కూడా అర్థమయ్యే భాష అది.

మణికట్టుకు ఎర్తు పట్టీ కట్టుకున్నాడు. పొడిగాలి ఊరు, చెయ్యి తగిలితే చిటుక్కుమనే స్థిర విద్యుత్తుకు చిప్పులు బలవుతాయి. స్లాట్‌కు రెండు చివరలా ఉన్న తెల్లటి చెవులు బొటనవేళ్లతో ఒకేసారి బయటకు నొక్కాడు. కడ్డీ దానంతటదే పైకి లేచింది. అంచులు పట్టుకుని దీపం కింద తిప్పి చూశాడు. 18 చిప్పులు లెక్కపెట్టాను, 16 సమాచారానికి, రెండు కాపలాకి. కింద బంగారు పూత వేసిన 288 పళ్లు. వాటిని అతను వేలితో ముట్టుకోలేదు, ఉఫ్ అని ఊదలేదు. నేను ఊదబోతే ఆపాడు. ఊపిరిలో తడి ఉంటుందట. స్లాట్‌ను ఒక చిన్న రబ్బరు బల్బుతో గాలి కొట్టి దులిపాడు.

ఏ3లో ఉన్న కడ్డీని బీ3లో పెట్టాడు. బీ3లోది ఏ3లోకి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే కొలతవి. ఏ వరస మొదటి ప్రాసెసర్‌ది, బీ వరస రెండోదానిది. ఒక్కోటీ పెట్టేటప్పుడు రెండు వైపులా సమంగా అదిమాడు. చెవులు టక్కున మూసుకున్నాయి. ఆ టక్కు రెండు చివర్లా వినపడితేనే చెయ్యి తీశాడు. మిగిలిన కడ్డీల జోలికి పోలేదు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలన్నది అతని పట్టుదల. నేనైతే ఆ ఊపులో ఎనిమిదీ తీసి తుడిచి పెట్టేవాడిని, తప్పు మాయమయ్యేది, ఎందుకు మాయమైందో ఎవరికీ తెలిసేది కాదు.

మళ్లీ ఎఫ్10. ఈసారి మెమరీ ఒక్కటే. తప్పు ఏ3లోనే వస్తే స్లాట్ చెడ్డది, బోర్డు మార్చాలి, సీజన్ పోయినట్టే. బీ3కి పోతే కడ్డీ చెడ్డది. ఎక్కడా రాకపోతే పళ్ల మీద దుమ్ము. ఆ మూడోదే అతనికి నచ్చనిది. "అప్పుడు నాకు నిద్ర వట్టది" అన్నాడు.

ఆ రెండో నిరీక్షణలో డిస్కుల మాట వచ్చింది. వాటికి పెట్టే పరీక్ష వేరే రకం. డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకుంటుంది, స్మార్ట్ అంటారు. సర్వర్ ఆ లెక్క అడుగుతుంది, స్వీయ పరీక్ష చేసుకోమంటుంది. దాన్ని ఎంత నమ్మాలి? 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గర చెడిపోయిన డిస్కుల లెక్క తీస్తే, వాటిలో సగానికి పైగా, 56 శాతం డిస్కులు, ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. అదే అధ్యయనంలో, మొదటి స్కాన్ తప్పు చూపిన డిస్కు ఆ తర్వాత 60 రోజుల్లో పోయే అవకాశం, చూపనిదానికన్నా 39 రెట్లు ఎక్కువని తేలింది. రెండూ కలిపి చదవాలి. చెడు చెబితే నమ్మి వెంటనే కదలాలి, మంచి చెబితే నమ్మి నిద్రపోకూడదు. మెమరీకీ అంతే. గూగుల్ సర్వర్ల మీదే 2009లో అచ్చయిన ఇంకో పరిశీలనలో ఏటా 8 శాతానికి పైగా కడ్డీల్లో ఏదో ఒక తప్పు నమోదైంది. అంతదాకా మెమరీ తప్పులు అరుదని అందరూ అనుకునేవారు.

అందుకే ఆ పచ్చ టిక్కుల తెర చూసి అతను నవ్వలేదని నాకు అప్పుడు వెలిగింది.

రెండున్నరకు గీత మళ్లీ ఆగింది. ఎర్ర పెట్టె. నేను అద్దాలు పెట్టుకునేలోపు అతను చదివేశాడు.

"బీ3."

కడ్డీ వెంట తప్పు నడిచింది. అతను కుర్చీలో వెనక్కి వాలి, ఆ రాత్రి మొదటిసారి టీ మొత్తం తాగాడు. తర్వాత లేచి చెడ్డ కడ్డీ తీశాడు. ఏ3లో ఉన్న మంచిదాన్ని కూడా తీశాడు. రెండు ప్రాసెసర్లకూ మెమరీ సమానంగా ఉండాలట, ఒక వైపు నాలుగు, ఒక వైపు మూడు పెడితే నడుస్తుంది గానీ కుంటుతుంది. ఆరు కడ్డీలతో, 96 గిగాబైట్లతో సర్వర్ లేచింది. లేచే ముందు, మెమరీ తగ్గింది, నిజమేనా అని అడిగింది. అతను అవునని నొక్కాడు. ఆ చిన్న ప్రశ్న నాకు నచ్చింది. ఇందాకటి ప్రశ్న మీద కోపం సగం తగ్గింది.

ముందువైపు నీలం దీపం వెలిగింది. తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు పిలుపు వినిపించేసరికి తూకాల పట్టిక తెరుచుకుని ఉంది, మార్కెట్ వైపు బండ్ల హారన్లు మొదలయ్యాయి.

కుర్రాడు మంచి కడ్డీని నల్ల కవర్లో వేసి నాకిచ్చాడు. చెడ్డదాన్ని వేరే కవర్లో వేసి, ఆ తెల్ల టేపు ముక్క దాని మీద అంటించాడు. అంటించాక ఒకసారి ఆగి, జేబులోంచి పెన్ను తీసి, "డౌటు" అన్న మాటను ఒక్క గీతతో కొట్టేశాడు. కింది మాట చదవడానికి వీలుగానే ఉంచి, దాని పక్కన "పక్కా" అని రాశాడు. తర్వాత స్లాట్ పేర్లు, రెండు టైములు.

"టైము ఇక్కడిదా, గ్రీనిచ్‌దా?" అన్నాను.

పెన్ను మళ్లీ తీశాడు.